విశ్వాసమూలమైన రక్షణ: ముందు వచ్చినవారు, వెనుక వచ్చినవారు



బుధవారపు బైబిలు స్టడీలలో రోమీయులకు వ్రాసిన పత్రిక తీసికొనినప్పుడెల్ల మూడవ అధ్యాయము దగ్గర ఒక ప్రశ్న వచ్చును. యూదులైనను అన్యజనులైనను అందరును విశ్వాసమువలననే నీతిమంతులుగా తీర్చబడుదురని పౌలు చెప్పుచుండగా, దేవుడు అంతకుముందు వందల ఏండ్లపాటు ఒక్క జనాంగమును ప్రత్యేకించుకొనుట ఎందుకు? వారికి సున్నతి, ధర్మశాస్త్రము, దేవాలయము ఇచ్చుట ఎందుకు? మొదటినుండి అందరికి ఒకే ద్వారము పెట్టియుండవచ్చును గదా? యౌవనస్థులు అడిగినను పెద్దలు అడిగినను ఇది మంచి ప్రశ్న. తొందరపడి జవాబు చెప్పి కూర్చోబెట్టదగినది కాదు.

సింధనూరు, మాన్వి తాలూకాలలోని మన క్యాంపులలో ఈ ప్రశ్నకు ఒక చెల్లెలు కూడ ఉన్నది. కాలువ ప్రక్క ఊరినుండి ఒక కన్నడ కుటుంబము మన ఆరాధనకు రాసాగెననుకొందము. ఆరు నెలలు వచ్చిరి, ప్రార్థన చేసిరి, ప్రభువును నమ్మితిమనిరి, బాప్తిస్మము కోరిరి. సంఘ కమిటీ కూర్చుండును. ఒకరు, "వీరికి మన పాటలు రావు, కొంత కాలము ఆగనీయుడి" అందురు. ఇంకొకరు, "బాప్తిస్మము ఇత్తము గాని సభ్యత్వము మాట తరువాత చూతము" అందురు. మరియొకరు, "మనది తెలుగు సంఘము, నలభై ఏండ్లు కష్టపడి కట్టుకొన్నాము" అందురు. ఈ మాటలలో ఏదియు చెడ్డ మాట కాదు. అయితే వీటి వెనుక ఎవరును పైకి అనని మాట ఒకటి కూర్చుండియుండును. అది, "వారు ఎవరివారు?" అనునది. మన దేశములో ఆ మాటకు అర్థము ఏమిటో వివరింప పనిలేదు.

మా ఉద్దేశములో పై రెండు ప్రశ్నలు ఒక్కటే. ముందు వచ్చినవారికి వెనుక వచ్చినవారిపై ఏ హక్కు కలదు? రక్షణ విషయములో వారు ఏమి అడుగవచ్చును, ఏమి అడుగరాదు?

అపొస్తలుల కార్యములు పదునైదవ అధ్యాయములో ఈ తగవే మొట్టమొదటి సంఘములో వచ్చినది. యూదయనుండి కొందరు అంతియొకయకు వచ్చి, సున్నతి పొందనిదే మీకు రక్షణ లేదని అన్యజనులలోనుండి వచ్చిన విశ్వాసులకు బోధించిరి. వారిని దుర్మార్గులని మనము కొట్టివేయరాదు. వారు బైబిలు ఎరిగినవారు. అబ్రాహాము మొదలుకొని తమ పితరులందరు ఆ గురుతు ధరించిరి. దానికొరకు ప్రాణము లిచ్చినవారు కూడ ఆ జనాంగములో కలరు. ఎంతో వెలపెట్టి కాపాడుకొన్న దానిని నిన్న వచ్చినవాడు అక్కరలేదనినప్పుడు కలుగు బాధ వారిది. ఆ బాధ ఎట్టిదో సొంత ఊరు విడిచి వచ్చి, పరాయి భాష నడుమ ఒక మందిరము కట్టుకొన్న మనకు బాగుగా తెలియును.

యెరూషలేము సభలో పేతురు లేచి మాటలాడెను. ఆయన మాటలలో ఒక సంగతిని మనము త్వరగా దాటిపోవుదుము. "వారును మనవలెనే రక్షణ పొందుదురు" అని ఆయన అనియుండవచ్చును. అది చాలినంత ఉదారమైన మాటయే. ఆయన దానిని తిరుగవేసెను. వారు ఏలాగు రక్షణ పొందుదురో మనమును ఆలాగే పొందుదుమని నమ్ముచున్నామనెను. పదునొకండవ వచనము తెరచి చూడుడి. కొలబద్ద ముందు వచ్చినవారి చేతిలోనుండి వెనుక వచ్చినవారి వైపునకు మారినది. చేతిలో ఏమియు లేక కేవలము నమ్మి వచ్చిన కొర్నేలీ ఇంటివారు మాదిరి అయిరి. తరతరముల భక్తి గల పేతురు ఆ మాదిరిని చూచి తన రక్షణ ఏమిటో నేర్చుకొనుచున్నాడు.

పౌలు అబ్రాహామును గూర్చి రోమీయులకు నాలుగవ అధ్యాయములో చేసిన వాదము కూడ ఇట్టిదే. అది లెక్కల మేష్టరు వాదము. అబ్రాహాము దేవుని నమ్మెను, అది అతనికి నీతిగా ఎంచబడెనని ఆదికాండము 15వ అధ్యాయములో ఉన్నది. సున్నతి 17వ అధ్యాయములో ఉన్నది. ఈ రెంటి నడుమ ఇష్మాయేలు పుట్టెను. అప్పటికి అబ్రామునకు 86 ఏండ్లు, సున్నతి పొందునాటికి 99 ఏండ్లు. అనగా కనీసము 13 ఏండ్ల ఎడము. నీతిమంతుడని దేవుడు ఒప్పుకొన్న దినమున అబ్రాహాము సున్నతి లేనివాడు, ఇంకను అన్యజనుడు. కాబట్టి యూదుల పితరుడు మొదట అన్యజనులకు పితరుడు. సున్నతి తరువాత వచ్చిన ముద్రయే గాని కొనుగోలుకు ఇచ్చిన సొమ్ము కాదు.

ఇంతవరకు మనకు అభ్యంతరము లేదు. మనలో ఎవరును సున్నతి అడుగుట లేదు గదా! అయితే గలతీయులకు వ్రాసిన పత్రిక రెండవ అధ్యాయము చూడుడి. అక్కడ తగవు సున్నతితో ఆగలేదు, భోజనపు బల్ల దగ్గరకు వచ్చినది. పేతురు అంతియొకయలో అన్యజనులతో కలిసి తినుచుండెను. యాకోబు యొద్దనుండి కొందరు రాగానే వెనుకకు తీసి వేరుగా కూర్చుండెను. బర్నబా కూడ ఆ ప్రక్కకే జరిగెను. పేతురు అక్కడ ఏ తప్పుడు సిద్ధాంతము బోధింపలేదు. అన్యజనులకు రక్షణ లేదని నోట అనలేదు. పంక్తి మాత్రమే మార్చెను. పౌలు దానిని మర్యాద తక్కువ పనియని విడిచిపెట్టక, సువార్త సత్యమునకు విరుద్ధమని అందరియెదుట ముఖాముఖిగా ఎదిరించెను. తెలుగువారికి పంక్తి అనగా ఏమో, పంక్తి మార్చుట అనగా ఏమో ఏ వ్యాఖ్యానము అవసరము లేదు. ఈ అధ్యాయమును ఇంగ్లీషు పండితులకంటె మన పాలేరు తాతలు బాగుగా అర్థము చేసికొనగలరని మా అభిప్రాయము.

మన సొంత చరిత్రలో కూడ ఈ పరీక్ష వచ్చినది. ఒంగోలులో 1867 జనవరి 1న 8 మంది సభ్యులతో సంఘము స్థాపింపబడినది. క్లౌ దొరగారు ఆ ఊరి పై కులముల పెద్దలతో కూడ మాటలాడుచుండిరి, వారును వినుచుండిరి. ఇంతలో యెర్రగుంట్ల పేరయ్యగారి సాక్ష్యమువలన మాదిగ పల్లెలలోనుండి విశ్వాసులు రాసాగిరి. వీరిని చేర్చుకొన్నయెడల మేము రామని పై కులములవారు స్పష్టముగా చెప్పిరి. లోకజ్ఞానము ప్రకారము చూచినచో పెద్దలను ముందు పట్టుకొని, పేదలను కొంత కాలము ఆపుట తెలివైన పని. దొరగారును దొరసానిగారును వేరు వేరుగా ప్రార్థించుచు బైబిలు తెరవగా ఇద్దరికిని కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయము చివరి భాగమే కనబడెనని మన పెద్దలు చెప్పుకొందురు. లోకము ఎన్నికచేయనివారిని దేవుడు ఏర్పరచుకొనుటను గూర్చిన మాటలవి. మాదిగలను చేర్చుకొనిరి. తెలుగు బాప్తిస్టు సంఘము నిలిచియున్నది ఆ నిర్ణయము మీదనే.

దానిలో ఒక చిక్కు కూడ కలదు, దానిని దాచరాదు. క్లౌ దొరగారు వచ్చినవారికి మూడు నియమములు పెట్టిరి. ఆదివారము పని చేయరాదు, చచ్చిన పశువుల మాంసము తినరాదు, విగ్రహములకు మ్రొక్కరాదు. విశ్వాసమే చాలునని చెప్పిన నోటితోనే ఈ మూడును ఎందుకు? 1876-78 సంవత్సరముల గొప్ప కరవులో ఆయన బకింగ్‌హాము కాలువలో మూడున్నర మైళ్ళ త్రవ్వకము కంట్రాక్టు తీసికొని వేలమందికి కూలి ఇచ్చిరి. ఆ కాలములో బాప్తిస్మము కోరినవారిని ఏడాదికి పైగా ఆపి ఉంచిరి. కూలికొరకు వచ్చిరను మాట రాకూడదని, నిజముగానే ఎవరును అందుకొరకు రాకూడదని ఆయన ఉద్దేశము. కరవు పని ముగిసిన తరువాత కూడ జనము ఆగలేదు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్క దినముననే 2,222 మందికి బాప్తిస్మమిచ్చిరి. ఆ సంఖ్యను మన పిల్లలు సండేస్కూలులో కంఠస్థము చేయుదురు. దాని వెనుకనున్న ఏడాది నిరీక్షణను ఎవరును కంఠస్థము చేయించరు.

అయితే ఆపుట న్యాయమా? ఆ మూడు నియమములు న్యాయమా? యెరూషలేము సభ కూడ అన్యజనులకు కొన్ని మాటలు వ్రాసి పంపినది. విగ్రహములకు అర్పించినవి, రక్తము, గొంతు పిసికి చంపినవి, జారత్వము విడిచిపెట్టుడని వ్రాసిరి. ఇవి చేసినయెడల మీరు రక్షింపబడుదురని వ్రాయలేదు. బాగుండునని వ్రాసిరి. ఈ తేడా చిన్నదిగా కనబడినను సువార్త అంతయు అందులోనే ఉన్నది. మాదిగపల్లెలో చచ్చిన పశువును ఎత్తుట, దాని మాంసము తినుట ఊరివారు నెత్తిన పెట్టిన వెట్టి, దానితోపాటు వచ్చిన అవమానము. దానిని మానినవారికి ఊరిలో పనులు పోయినవి, బావి నీళ్ళు కూడ మూసిరి. కాబట్టి ఆ నియమము వారి తలుపుమీద వేసిన సుంకము కాదు, చెరలోనుండి బయటకు తీసికొనివచ్చిన త్రోవ. నియమము వచ్చినవానిని నిలువబెట్టుటకు పెట్టబడినదా, మనకు సమానుడు కాకుండ బయట నిలుపుటకు పెట్టబడినదా అని చూడవలెను. కరవులో ఆపుట మొదటి రకమని మా నమ్మకము. "పాటలు రావు" అని ఆపుట ఏ రకమో కమిటీలవారు ఆలోచింతురు గాక.

యాకోబు పత్రికను చూపి క్రియలు లేవా అని అడుగువారుందురు. ఉన్నవి. కాయ చెట్టుకు గుర్తు, వేరు కాదు. దీనిని గూర్చి మునుపు చాలమంది వ్రాసియున్నారు గనుక ఇక్కడ పెంచము.

మన జిల్లాలోనే మస్కిలో అశోక చక్రవర్తి శాసనము ఒకటి బండమీద ఉన్నది. 1915లో బయలుపడినది. అశోకుని పేరు పెట్టి చెప్పిన శాసనములలో మొట్టమొదట దొరికినది అదియే, అందుచేత దానికి ప్రపంచమంతట ఖ్యాతి. మనవారిలో అనేకులు లింగసూగూరు బస్సులో దాని ప్రక్కనుండియే పోవుచుందురు. ధర్మమునందు ఆసక్తిగలవాడైనచో అల్పుడు కూడ ఆ ఉన్నతమైన ఫలమును పొందగలడు, గొప్పవారికి మాత్రమే అది సాధ్యమని తలంపరాదు అని దాని భావము. క్రీస్తు పుట్టుకకు రెండువందల ఏండ్లకు పైగా ముందు ఒక చక్రవర్తి ఈ మాట చెక్కించెను. దీనిని చదివి మనము సంతోషింపవలెను. దేవుడు ఈ నేలమీద తన సాక్ష్యము లేకుండ చేసికొనలేదు.

అయినను పౌలు చెప్పినది అది కాదు. ప్రయాసపడినయెడల అల్పుడు కూడ ఎక్కగలడని శాసనము. ప్రయాసపడినను గొప్పవాడు కూడ ఎక్కలేడు, అందుచేత దేవుడే దిగివచ్చెనని పత్రిక. మొదటి మాట అల్పునికి ఆశ ఇచ్చును, రెండవ మాట అల్పునికి ఆశ ఇచ్చి గొప్పవానిని కూడ అదే వరుసలో నిలువబెట్టును. యూదులకు ఇది కష్టముగా తోచినది. మనకును తోచును.

బడిలో చాలకాలము పనిచేసినవారము గనుక ఒక పోలిక చెప్పుదుము. పరీక్షలలో రెండు మూడు మార్కులు తక్కువైనవానికి గ్రేసు మార్కులు కలుపుదురు. మనలో అనేకులు దేవుని కృపను ఇట్లే తలంతురు. నేను ముప్పది తెచ్చుకొందును, మిగిలినది ఆయన కలుపును అని. ఆ లెక్కలో ఎక్కువ తెచ్చుకొన్నవానికి తక్కువ తెచ్చుకొన్నవానిమీద గర్వము తప్పదు. సున్న వచ్చినవానికి ఏ బోర్డును గ్రేసు మార్కులు ఇవ్వదు. రోమీయులకు మూడవ అధ్యాయము ప్రకారము అందరిదియు సున్నయే, యూదునిదియు, గ్రీసుదేశస్థునిదియు, నాలుగు తరముల బాప్తిస్టుదియు. ఈ చివరి మాట కొందరికి నచ్చదు. కాని మనము పసిబిడ్డలకు బాప్తిస్మమియ్యకపోవుటకు కారణమేమి? విశ్వాసము తండ్రినుండి కొడుకునకు పొలమువలె రిజిస్ట్రీ కాదు గనుకనే గదా. ఆ సిద్ధాంతము పట్టుకొని, మా తాత ఫలాని దొర చేత బాప్తిస్మము పొందెనని పెండ్లి సంబంధములలో చెప్పుకొనుట వింతగానే ఉన్నది.

ఇక మొదటి ప్రశ్న. యూదులు ముందు ఎందుకు? దీనికి కాలువ చూచినవారికి జవాబు దగ్గరలోనే ఉన్నది. తుంగభద్ర ఎడమ కాలువ 200 కిలోమీటర్లకు పైబడిన పొడవున పోవుచున్నది. 1953లో నీళ్ళు వదలిన తరువాత కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాలనుండి రైతులు వచ్చి భూములు కొనిరి, వారి వెనుక కూలి పనికి మన కుటుంబములు వచ్చినవి. నీళ్ళు ముందు పై ఆయకట్టుకు వచ్చును. అందులో అన్యాయమేమియు లేదు, కాలువ ఎక్కడనో ఒకచోట మొదలు కావలెను. ముందు వచ్చినదాని భావము వారి గుండ చివరివరకు పోవలెనని. అయితే తక్కువ నీటి పంటలకు ఏర్పరచిన భూములలో వరి వేసినందున చివరనున్న మాన్వి, రాయచూరు ఆయకట్టు ఏండ్ల తరబడి ఎండుచున్నది. ప్రతి ఏట అక్కడివారు ధర్నాలు చేయుచునే యున్నారు. పై వానికి నీళ్ళు ముందు అందును గాని నీళ్ళు అతనివి కావు.

దేవుడు అబ్రాహామును పిలిచిన దినముననే భూమిమీది సమస్త వంశములను గూర్చి మాట ఇచ్చెను. ఇశ్రాయేలు ఆ కాలువకు మొదటి తూము. వారి ఏర్పాటు ఇతరులను విడిచిపెట్టుట కాదు, ఇతరులకొరకైన ఏర్పాటు. అందుచేత పౌలు యూదునికి మొదట అని వ్రాయుటకు సిగ్గుపడలేదు, విశ్వాసము మాత్రము ఇద్దరికి ఒక్కటేయని వ్రాయుటకు భయపడలేదు. ఈ కాలములో కొందరు యూదులకు ధర్మశాస్త్రము ఒక మార్గము, అన్యజనులకు క్రీస్తు ఒక మార్గము అని బోధించుచున్నారు. వారి మనస్సు మంచిదే. యూదులను ద్వేషించుటకు క్రైస్తవ దేశములు బైబిలునే ఆయుధము చేసికొనిన చరిత్రను, యూరపులో అరువది లక్షలమంది యూదులను చంపిన 1941-45 నాటి ఘోరమును చూచి వారు వెనుకకు తీయుచున్నారు. అయితే రెండు మార్గములున్నచో పేతురు పౌలు అంతియొకయలో ఒకే బల్లకొరకు తగవులాడవలసిన పని లేదు, రెండు బల్లలు వేసికొనియుందురు. ద్వేషమునకు మందు రోమా 11వ అధ్యాయములోనే ఉన్నది. అక్కడ అన్యజనులు అంటుకట్టబడిన అడవి ఒలీవ కొమ్మలు, వేరు వారిని మోయుచున్నది గాని వారు వేరును మోయుట లేదు. ఇశ్రాయేలు కడపట ఏమగునో వ్రాయుచు వ్రాయుచు పౌలు వాదము ఆపి స్తోత్రము చేయ మొదలుపెట్టెను. ఆయన ఆగినచోట మనమును ఆగుదము.

ఈ సందర్భములో గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గరి కొత్తరెడ్డిపాలెమును గూర్చి కొందరు వినియుందురు. అక్కడి కొన్ని మాదిగ కుటుంబములు తాము ఎఫ్రాయిము గోత్రమువారమని చెప్పుకొని, హెబ్రీ నేర్చుకొని, విశ్రాంతిదినము ఆచరించుచున్నవి. 1990ల ఆరంభమునుండి వారికి ఒక సమాజమందిరము ఉన్నది. వారి పెద్దలు పూర్వము బాప్తిస్టు సంఘములలో ఉన్నవారే. బంధుత్వములు కలవారము గనుక మనవారు దీనిని నవ్వులాటగా చెప్పుకొందురు. నవ్వరాదు. తరతరములు ఊరి బయట ఉంచబడినవాడు నాకును ఒక గొప్ప వంశము కలదని చెప్పుకొనుటలో ఏ దాహమున్నదో ఆలోచింపవలెను. సంఘములో చేరిన తరువాత కూడ ఆ దాహము తీరలేదన్నచో ప్రశ్న వారిని కాదు అడుగవలసినది. ప్రభువునందు వంశము లేకయే ఘనత కలదని మనము పాడుదుము. ఆ ఘనత బల్ల దగ్గర, కమిటీలో, పెండ్లిలో చూపబడినచో నమ్ముట సులువు.

మరి బాప్తిస్మము తీసికొనలేక లోపల నమ్మియున్నవారి మాట ఏమి? 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారము క్రైస్తవులైన దళితులకు షెడ్యూల్డు కులపు గుర్తింపు లేదు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చిరి గాని మనలను చేర్చలేదు. బిడ్డ కాలేజీ సీటు, ఫీజు రాయితీ ఆ సర్టిఫికెట్టుమీద ఆధారపడియున్న తల్లి నీళ్ళలో దిగుటకు వెనుదీయుచున్నది. నీళ్ళు రక్షింపవని, విశ్వాసమే రక్షించునని మనమే బోధించుచున్నాము గనుక ఆమె రక్షణను కొలుచు అధికారము మనకు లేదు. నోటితో ఒప్పుకొనవలెనని రోమా 10వ అధ్యాయము చెప్పుచున్నది, అదియు నిజమే. ఆమెను తొందరపెట్టుట గాని, దూరముగా కూర్చోబెట్టుట గాని తగదు. ఆ ఉత్తర్వు వలన మనము నష్టపోలేదని సుఖముగా ఉన్నవారు ఆమెకు ధైర్యము బోధించుట ఇంకను తగదు.

కన్నడ కుటుంబము సంగతికి వత్తము. అభ్యర్థి సాక్ష్యమును వారి భాషలోనే వినుట మంచిది. కమిటీలో కన్నడ సరిగా రానివారుండవచ్చును గాని మన పిల్లలలో అనేకులు కన్నడ మీడియములో చదివినవారే, వారిలో ఒకరిని ప్రక్కన కూర్చోబెట్టుకొనవచ్చును. పాపములను గూర్చి ఏమనుకొనుచున్నావు, ప్రభువైన యేసునందు నమ్మకముంచితివా, ఇకముందు ఎట్లు నడువగోరుచున్నావు అని అడిగినచో చాలును. పాటలు మెల్లగా వచ్చును, మనకు వారి పాటలు కూడ వచ్చును. బాప్తిస్మమైన ఆదివారమే ప్రభువు బల్లకు పిలువవలెను, ఆ మధ్యాహ్నపు భోజనములో వారిని మన నడుమనే కూర్చుండబెట్టవలెను. కాలువకు సాధారణముగా జూలైలో నీళ్ళు వదలుదురు. వేసవిలో కాలువ ఎండియున్న దినములలోనే కమిటీలు కూర్చుండి పేర్లు ఖాయపరచినచో, నీళ్ళు వచ్చిన మొదటి ఆదివారము తెలుగువారిని కన్నడిగులను ఒకే రేవులో దింపవచ్చును.